మనుషుల పేర్లలోంచి పుట్టిన ఇంగ్లీషు విశేషణాలు: 144 కార్డుల సొరుగు, పని డైరీ

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో మా ట్యూషన్ గదిలో ఒక చెక్క సొరుగు ఉంది. అందులో 144 కార్డులున్నాయి. చివర్లో చేరిన తొమ్మిది తప్ప, ఒక్కో కార్డు మీద ఒక మనిషి పేరులోంచి పుట్టిన ఇంగ్లీషు విశేషణం ఉంటుంది: బెర్నార్డ్ షా పేరు నుంచి షేవియన్, దెకార్త్ పేరు నుంచి కార్టీజియన్, ఇలా. పని పూర్తవడానికి నాలుగు నెలలు పట్టింది. మొదట చేసిన 45 కార్డులు చెత్తబుట్టలోకి పోయాయి. ఇంకెవరైనా ఇలాంటిది చేస్తే వాళ్ల 45 కార్డులు అలా పోకూడదని ఇది రాస్తున్నాను. ఎందుకు మొదలుపెట్టానో చెప్పి విసిగించను.

దశ 1: ఏరివేత (మొదటి మూడు వారాలు)

పనిముట్లు: 200 పేజీల నోటుబుక్కు, రెండు లావుపాటి ఇంగ్లీషు నిఘంటువులు, ఎర్ర పెన్ను.

దొరికినవన్నీ రాసుకుంటూ పోతే 212 పదాలయ్యాయి. అప్పుడు ఒకటే నియమం పెట్టుకున్నాను: పేరు నిజంగా బతికిన మనిషిదే అయుండాలి. దాంతో మూడు విడతల్లో కోత పడింది.

1. ఊళ్ల పేర్లు: 31. హారోవియన్ అంటే హారో బడిలో చదివినవాడు, కాంటబ్రిజియన్ అంటే కేంబ్రిడ్జి వాడు, గ్లాస్వీజియన్ అంటే గ్లాస్గో వాడు. మూడూ మనుషుల పేర్లలాగే వినిపిస్తాయి. నేనూ అలాగే మోసపోయాను.
2. కథల్లో పాత్రలు: 22. క్విక్సాటిక్, పిక్విక్కియన్, గార్గాంట్యుయన్.
3. దేవతలు, పురాణ పురుషులు: 19. హెర్క్యూలియన్, ప్రొమీథియన్, గొంతు పెద్దదైన స్టెంటర్ పేరు మీది స్టెంటోరియన్.

మూడో కోత వేయడానికి మనసొప్పలేదు. మన భాషలో ఈ జాతి మాటలన్నీ దాదాపు పురాణాల నుంచి వచ్చినవే. భగీరథ ప్రయత్నం, భీష్మ ప్రతిజ్ఞ, కుంభకర్ణ నిద్ర, త్రిశంకు స్వర్గం. పైగా మనకి ప్రత్యయం కూడా అక్కర్లేదు, పేరు తెచ్చి ముందు పెట్టేస్తే చాలు. కానీ నియమం సడలిస్తే సొరుగు పట్టదు.

రెండు పదాలు మాత్రం ఎటూ తేలక చాలా రోజులు ఏడిపించాయి. ఒకటి బరోవియన్. బారో అనే ఊరి మనిషినీ అలాగే అంటారు. జార్జ్ బారో అనే భూగర్భ శాస్త్రవేత్త 1893లో స్కాట్లండ్ కొండల్లో రాళ్లు వేడికీ ఒత్తిడికీ ఎలా మారాయో మండలాలుగా గీశాడు, వాటినీ బరోవియన్ మండలాలనే అంటారు. ఊరిని వదిలి మనిషిని ఉంచాను. రెండోది జాకబిన్. జేకబ్ అనే మనిషి ఉంటాడనుకున్నాను. తీరా చూస్తే ఫ్రెంచి విప్లవంలో ఆ గుంపు కలుసుకున్న మఠం పేరట. తీసేసి 31లో కలిపాను.

మొత్తం: పదాలు 140. ఖర్చు 0 (నోటుబుక్కు ఇంట్లోదే).

దశ 2: మొదటి ముద్రణ, మొదటి చెత్త

కార్డు కొలత 99 × 70 మి.మీ. అనుకున్నాను. ఎ4 కాగితం 297 × 210, మూడు మూళ్లు తొమ్మిది. లెక్క బ్రహ్మాండంగా కుదిరిందని మురిసిపోయాను. తప్పంతా అక్కడే ఉంది.

ముద్రణకు మా వీధిలో డీటీపీ షాపుకి వెళ్లాను. ఒడియా టైపింగ్ వాళ్లకి కొట్టినపిండి. తెలుగు ఫాంటు మాత్రం ఆ కంప్యూటర్లో లేదు. నేను ఫోన్లో టైపు చేసి పంపిన ఫైలు తెరిస్తే ఒత్తులన్నీ విడిపోయి అక్షరాల పక్కన నిలబడ్డాయి. "బ్రౌన్"లో ర ఒత్తు ఒకచోట, బ ఒకచోట. తెరమీద సరిగా చూసుకోకుండా 5 షీట్లు కొట్టించేశాను. తప్పు నాదే.

సర్లే, ఇంగ్లీషు వైపు బాగానే ఉంది కదా, తెలుగు వైపు స్టిక్కర్ అంటిద్దామని అవే కోసి లామినేషన్‌కి ఇచ్చాను. మధ్యలో ఖాళీ లేకుండా తొమ్మిది కార్డులూ ఆనించి పెట్టారు. బయటికి తీసి అతుకుల వెంట కోస్తే కార్డు అంచుకి ప్లాస్టిక్ అంచుకి తేడా సున్నా. వారం తిరక్కముందే వాన మొదలైంది. అంచుల్లోంచి తేమ ఎక్కి ప్లాస్టిక్ పొర అరటి తొక్కలా ఊడొచ్చింది.

మార్చినవి:

1. ఫైలు పీడీఎఫ్ చేసి, ఫాంటు అందులోనే పొదిగి పంపడం. ఇక ఏ షాపు కంప్యూటరైనా ఒకటే.
2. సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లి అక్కడ కొట్టించడం. తెలుగు చదివే మనిషి కంప్యూటర్ ముందు ఉంటే తప్పు ఆయనకే ముందు కనిపిస్తుంది.
3. ప్రతి కార్డు చుట్టూ 3 మి.మీ. ప్లాస్టిక్ అంచు వదలడం.

ఖర్చు: 5 షీట్లు × 30 = 150, లామినేషన్ 5 × 25 = 125.
మొత్తం: పనికొచ్చే కార్డులు 0. ఖర్చు 275 రూపాయలు.

దశ 3: సొరుగు

పాత బీరువా పలక ఇంట్లోనే ఉంది. వడ్రంగికి కూలి 600. లోపలి వెడల్పు 104 మి.మీ. చెప్పాను, అంతే చేశాడు. కార్డు 99 కాబట్టి అటూ ఇటూ రెండున్నర మి.మీ. ఆట ఉంటుందని నా లెక్క.

కొత్త పద్ధతిలో ఒక షీటు కొట్టించి, 3 మి.మీ. అంచుతో లామినేట్ చేయించి తెచ్చాను. 99కి ఆరు కలిపితే 105. సొరుగు 104. ఒక్క మిల్లీమీటరు! వడ్రంగికి చూపిస్తే "చెక్క గీరమంటే గీరుతాను మాస్టారూ, వానాకాలం పోయాక వదులైపోతుంది మరి" అన్నాడు. నిజమే. చెక్క జోలికి పోకుండా కార్డునే తగ్గించాను.

కొత్త కొలత: 95 × 66 మి.మీ. దీని లాభాలు కొలిచాకే తెలిశాయి.

- షీటుకి ఇప్పటికీ 9 వస్తాయి, చుట్టూ 6 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ప్రింటరు అంచుల దగ్గర ముద్రించదు కాబట్టి ఆ ఖాళీ ఉండి తీరాలి.
- లామినేషన్ పౌచ్ 216 × 303. అందులో 9 పెడితే సరిగ్గా సరిపోతాయి కానీ రోలర్లోకి వెళ్లేటప్పుడు జరిగి ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. అడ్డంగా రెండేసి చొప్పున నాలుగు వరసలు, అంటే 8 పెట్టండి. 14 మి.మీ. దాకా వదులుంటుంది.
- లామినేట్ అయ్యాక వెడల్పు 101. సొరుగులో హాయిగా నడుస్తుంది.

పది కార్డుల మందం 5.5 మి.మీ. వచ్చింది (300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డు, 125 మైక్రాన్ పౌచ్). 150 కార్డులకి 83 మి.మీ. చాలు. నేను సొరుగు పొడవు 240 చేయించాను. అనవసరం. మిగతా చోట ఇప్పుడు చాక్‌పీసులు ఉంటున్నాయి.

ఖర్చు: కూలి 600, ప్రయోగానికి షీటు 30, పౌచ్ 25.
మొత్తం: కార్డులు 0 (ఆ షీటూ పాత కొలతదే). ఖర్చు 930 రూపాయలు.

దశ 4: పిల్లల మీద పరీక్ష, ఇంకో దెబ్బ

ముద్రణకి ముందు కాగితం ముక్కలతో పరీక్ష పెట్టాను. ఇరవై పేర్లు ఇచ్చి విశేషణం రాయమన్నాను. ఆరుగురు కూర్చున్నారు. ఎక్కువ వచ్చినవాడికి 9, తక్కువ వచ్చినవాడికి 4.

న్యూటన్, యూక్లిడ్, గాస్ అందరూ రాశారు. షా దగ్గర అందరూ బోల్తా: షాయన్, షాయిక్, ఒకడు షావాలా. దెకార్త్ దగ్గర ఆరు కాగితాలూ ఖాళీ. తమాషా ఏమిటంటే కార్టీజియన్ నిరూపకాలు వాళ్లకి వచ్చు. x, y గీతలు గీసి బిందువు పెట్టేస్తారు. అందులో ఒక మనిషి ఉన్నాడనే సంగతే తెలియదు. దెకార్త్ తన జ్యామితి పుస్తకం 1637లో వేశాడు. లాటిన్‌లో ఆయన పేరు కార్టేసియస్. విశేషణం ఆ లాటిన్ పేరు నుంచి పుట్టింది, ఫ్రెంచి పేరు నుంచి కాదు.

అక్కడ నా తప్పు బయటపడింది. కార్డు మీద పేరు, విశేషణం రాశాను. మధ్యలో జరిగింది రాయలేదు. మధ్యలో జరిగింది తెలియకపోతే మిగిలేది బట్టీయే.

కార్డుల పైఅంచుకి నాలుగు రంగులు వేశాను.

తెలుపు: పేరు చెడకుండా తోక తగిలించుకున్నవి. డికెన్సియన్, గాసియన్, మెండీలియన్, మాల్థూసియన్. వీటి మీద టైము పెట్టకండి.

పసుపు: చివరి అచ్చు "వ"గా మారినవి. షా నుంచి షేవియన్, మార్లో నుంచి మార్లోవియన్, థరో నుంచి థరోవియన్, బారో నుంచి బరోవియన్. పిల్లలకి ఇది మన సంధితో చెప్పాను. పో + అన = పవన, పౌ + అక = పావక. ఓ, ఔల తర్వాత అచ్చు వస్తే వకారం దూరుతుంది, పాణిని సూత్రం "ఎచోఽయవాయావః". ఇంగ్లీషువాళ్లు పాణినిని చూసి చేశారని కాదు. రెండు అచ్చుల మధ్య నోటికి ఒక మెట్టు కావాలి, అంతే. ఈ ఒక్క ఉపాయంతో పసుపు కార్డులు ఒక సాయంత్రంలో అయిపోయాయి.

నీలం: లాటిన్ చొక్కా తొడుక్కున్నవి. అన్నిటికన్నా ముళ్లదారి ఇదే. జేమ్స్‌కి లాటిన్‌లో జాకబస్, కాబట్టి 1603 నుంచి 1625 దాకా ఇంగ్లండుని ఏలిన మొదటి జేమ్స్ కాలం జాకబీయన్. చార్లెస్‌కి కరోలస్, కాబట్టి ఆ జేమ్స్ కొడుకు మొదటి చార్లెస్ కాలం కరొలైన్.

ఎరుపు: పేరు అరిగిపోయి మనిషి కనిపించనివి. ఊరికే ఏడుస్తూ మాట్లాడేవాణ్ని మాడ్లిన్ అంటారు, అది మగ్దలేనే మరియ పేరు. చవకబారు తళుకుకి టాడ్రీ, అది సెయింట్ ఆడ్రీ పేరుతో అమ్మిన లేసు. గణితంలో అబీలియన్ గ్రూపుని చిన్న అక్షరంతో రాసేస్తారు. 1829లో 26 ఏళ్లకే పోయిన నీల్స్ అబెల్ అందులో ఉన్నాడని ఆ చిన్న అక్షరం చెప్పదు.

రంగులు వేశాక అదే పరీక్ష, అవే పేర్లు, రెండు వారాల తర్వాత: ఎక్కువ 16, తక్కువ 11. అవే పేర్లు కాబట్టి ఈ అంకెని కాస్త తగ్గించి చూడండి.

మొత్తం: పదాలు 140. ఖర్చు 930లోనే ఉంది.

దశ 5: ఉచ్చారణ, అంటే తెలుగు వైపు

మొదటి రాతలో జేమ్స్ రాజు కాలాన్నీ, గణితంలో వచ్చే జకోబీ నిర్ధారకాన్నీ ఒకేలా "జాకోబియన్" అని రాసేశాను. తప్పు. రాజుది జాకబీయన్, "బీ" మీద ఊనిక. గణితజ్ఞుడు కార్ల్ జకోబీది జకోబియన్, "కో" మీద ఊనిక. ఇప్పుడు ఊనిక ఉన్న అక్షరం లావుగా ఉంటుంది.

రెండోది నాకు చెప్పింది తొమ్మిదో క్లాసు పిల్ల. పాల్ పేరు మీది విశేషణం కార్డు చూసి "మాస్టారూ, ఇది మా పిన్ని పేరు" అంది. పిన్ని పాలీన్. స్పెల్లింగు అదే. విశేషణం మాత్రం పాలైన్. వాళ్లింట్లో బైబిల్ ఉంది కాబట్టి పౌలు పత్రికలంటే (ఆయన రాసిన ఉత్తరాలు) ఏమిటో నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ పత్రికలే పాలైన్. పేతురువి పీట్రైన్, యోహానువి జోహనైన్. ఈ మూడూ ఒక జట్టుగా పెట్టాను. కరొలైన్ కార్డు మీద కూడా "ఇది ఆడపిల్ల పేరు కూడా" అని చిన్న అక్షరాల్లో వేయించాను.

దశ 6: ముగ్గురు హంటర్లు, ముగ్గురు బ్రౌన్లు

అన్నిటికంటే సిగ్గుపడిన తప్పు ఇది. హంటేరియన్ కార్డు మీద ఇలా రాశాను: "శస్త్రవైద్యుడు జాన్ హంటర్ పేరిట. భారతీయ భాషల పేర్లను రోమన్ లిపిలో రాసే పద్ధతి." డిగ్రీ చదివే కుర్రాడు, నా పాత శిష్యుడు, చూసి "సర్జన్‌కి లిపితో ఏం పని మాస్టారూ?" అన్నాడు.

పనేం లేదు. హంటర్లు ముగ్గురు.

1. విలియం హంటర్, వైద్యుడు. గ్లాస్గోలో హంటేరియన్ మ్యూజియం ఆయన సేకరణతో 1807లో తెరిచారు.
2. జాన్ హంటర్, ఆయన తమ్ముడు. లండన్‌లో శస్త్రవైద్యుల కాలేజీలోని హంటేరియన్ మ్యూజియం ఈయనది.
3. విలియం విల్సన్ హంటర్, ఇండియాలో పనిచేసిన అధికారి. లిపి పద్ధతి ఈయనది. ఈయనే 1872లో ఒరిస్సా మీద రెండు సంపుటాలు రాశాడు. అంటే మా రాష్ట్రం గురించి రాసినవాణ్నే నేను మరిచిపోయి లండన్ సర్జన్‌కి పేరు కట్టబెట్టాను. మా ఊరి పేరు ఇంగ్లీషులో పర్లాకిమిడి, పర్లాకిమెడి, పరలఖెముండి అని ఒక్కో బోర్డు మీద ఒక్కోలా ఉంటుంది. ఆ పద్ధతి ఎందుకు కావలసి వచ్చిందో రోజూ కళ్లముందే ఉంది.

ఒక కార్డు మూడు కార్డులయింది. లెక్క 142.

ఆ కుర్రాడే మళ్లీ, "బ్రౌన్ కూడా చూడండి" అన్నాడు. చూశాను. పుప్పొడిలోంచి వచ్చిన సన్నని నలుసులు నీళ్లలో కుదురులేకుండా కదలడాన్ని 1827లో గమనించిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్, అది బ్రౌనియన్. స్కాట్లండ్ వైద్యుడు జాన్ బ్రౌన్ ఒక వైద్య సిద్ధాంతం చెప్పాడు, దాన్ని లాటిన్ చొక్కాతో బ్రూనోనియన్ అంటారు. రెండోది నా జాబితాలో లేదు. చేర్చాను, 143.

మూడో బ్రౌన్ మనవాడు, 1852 నిఘంటువు వేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఈయనకి ఇంగ్లీషులో విశేషణం వెతకబోతే ముందు తెలుగులోనే దొరికింది: బ్రౌణ్య నిఘంటువు. ఎన్నిసార్లు విన్నానో, ఎప్పుడూ ఆగి చూడలేదు. సంస్కృతంలో ఇలాంటి విశేషణం చేసేటప్పుడు మొదటి అచ్చు పెరుగుతుంది: బుద్ధ నుంచి బౌద్ధ, జిన నుంచి జైన. ఇంగ్లీషుది తోక ఊగితే మనది తల ఎత్తుతుంది. బ్రౌన్‌లో ముందే ఔ ఉంది, ఇంక ఎత్తడానికి చోటు లేదు. కానీ ర వెనకాల వచ్చిన న ణ కావాలి కదా! ఇంగ్లీషు దొర పేరుకి కూడా ణత్వం వదల్లేదు.

ఆ సంబరంలో మన విశేషణాలు తొమ్మిది, ఆకుపచ్చ అంచుతో చేర్చాను: బౌద్ధ, జైన, కాశ్యప, పాణినీయ, జైమినీయ, కౌటిలీయ, అప్పకవీయ, ప్రతాపరుద్రీయ, బ్రౌణ్య. బుద్ధుడు, జినుడు అన్నవి బిరుదులు, పేర్లు కావు. కశ్యపుడేమో పురాణాల్లోవాడు. నా నియమం నేనే తప్పాను. అవి లేకపోతే తల ఎత్తడం చూపించలేను.

లెక్క 152. రెండు నిఘంటువుల్లోనూ కనిపించని 8 ఇంగ్లీషు పదాలు తీసేశాను. 144.

దశ 7: డబ్బిచ్చినవాళ్లు

లుకేసియన్ కార్డు మీద "లూకస్ అనే గణితజ్ఞుడు" అని రాసి ఉంది. కేంబ్రిడ్జిలో న్యూటన్ కూర్చున్న పీఠం (ఆచార్య పదవి) కాబట్టి పేరు గణితజ్ఞుడిదే అనుకున్నాను. హెన్రీ లూకస్ ఆ విశ్వవిద్యాలయం తరఫున పార్లమెంటు సభ్యుడు. ఆయన వీలునామా డబ్బుతో 1663లో పీఠం పెట్టారు. ఆయన లెక్కలు చేయలేదు, డబ్బిచ్చాడు.

మళ్లీ జాబితా మొత్తం తిరగేశాను. బోడ్లియన్ గ్రంథాలయం, ఆష్మోలియన్ మ్యూజియం, స్మిత్సోనియన్, ఆక్స్‌ఫర్డ్‌లో సెవీలియన్ పీఠం, కేంబ్రిడ్జిలో సాడ్లీరియన్ పీఠం అన్నీ దాతలవే. మన రామానుజన్‌ని పిలిపించిన హార్డీ ఈ చివరి రెండు పీఠాల్లోనూ కూర్చున్నాడు. విశేషణం హార్డీది కాదు, ఖర్చు పెట్టుకున్నవాళ్లది. అప్పకవీయం రాసింది అప్పకవి, ప్రతాపరుద్రీయం రాసింది మాత్రం విద్యానాథుడు, పేరు పోషించిన రాజుది. ఆకుపచ్చ కార్డుల్లో ఆ రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు.

కాబట్టి ప్రతి కార్డు మీద చివరి గడి చేర్చాను: రాశాడు / కనుక్కున్నాడు / ఏలాడు / డబ్బిచ్చాడు. ముద్రణకి ముందు చేసిన మార్పుల్లో ఇదొక్కటే చాలు అనిపించింది.

దశ 8: చివరి ముద్రణ

1. పీడీఎఫ్, ఫాంటు పొదిగి. 16 షీట్లు × 9 = 144.
2. ముందు ఒక షీటు కొట్టించి, ఇంటికి తెచ్చి, చదివి, మర్నాడు మిగతా 15.
3. ఉక్కు స్కేలు, కట్టర్ బ్లేడు. బ్లేడు ప్రతి నాలుగు షీట్లకి విరిచి కొత్త మొన.
4. 18 పౌచ్‌లు × 8 = 144. ఒక్క కార్డూ మిగల్లేదు, ఈ లెక్క కుదరడం మాత్రం అదృష్టమే.
5. మూలలు గుండ్రంగా కోసే పంచ్, 180 రూపాయలు. దీన్ని వద్దనుకోకండి. పదునైన ప్లాస్టిక్ మూల పిల్లల వేలికి గీసుకుంటుంది.

ఖర్చు: షీట్లు 480, పౌచ్‌లు 450, పంచ్ 180.
మొత్తం: కార్డులు 144. ఖర్చు 2040 రూపాయలు. ఇందులో తప్పులకి పోయింది 330.

తర్వాత

వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ పేరు మీది లినేయన్ కార్డులో స్పెల్లింగు తేడా ఉందని ఒకడు పట్టుకున్నాడు. లండన్‌లో 1788లో పెట్టిన సంఘం తన పేరుని మధ్యలో ఒక a తగ్గించి Linnean అని రాసుకుంటుంది, మామూలు విశేషణం Linnaeanలో అది ఉంటుంది. రెండూ సరైనవే. కార్డు మార్చలేదు, ప్లాస్టిక్ మీద మార్కర్‌తో రాశాను, నెలకోసారి చెరిగిపోతోంది.

తూర్పు కనుమల రాయి చార్నొకైట్‌ని ఎక్కడ పెట్టాలో ఇంకా తేల్చలేదు. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి రాయిని బట్టి దానికి ఆ పేరు. మనిషి నుంచి రాయి, రాయి నుంచి చార్నొకిటిక్ అనే విశేషణం. రెండు అడుగులు. ఏ రంగూ నప్పడం లేదు.

గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పి సవర భాష నేర్చుకున్నారు కదా, ఆయనకి విశేషణం ఏదని పిల్లలు అడిగారు. ఒకడు గిడుగీయం అన్నాడు. ఆ మాట వింటే పంతులుగారే ముందు ఒప్పుకోరని ఇంకొకడు. ప్రస్తుతానికి "గిడుగువారి" అనే రాసిన తెల్లకాగితం ముక్క ఒకటి, లామినేషన్ లేకుండా, సొరుగులో చాక్‌పీసుల పక్కన ఉంది.